తెల్ల టుటు వెనక గ్యాస్ దీపం

యూరప్ శాస్త్రీయ నాట్యం బాలేలో తెలుపు గొడవ 2020లో మళ్లీ పైకొచ్చింది. హంసల బాలే 'స్వాన్ లేక్' ఆడే నల్లజాతి నర్తకి ఒంటికి తెల్ల పౌడరు పూసుకోవాలా? కాళ్లకు లేత గులాబీ టైట్సే ఎందుకు? అడిగినవాళ్లకు ఎప్పుడూ ఒకటే జవాబు: సంప్రదాయం. అది అందరూ తెల్ల బట్టల్లో ఆడే 'తెల్ల బాలే', ముప్పై మంది ఒకేలా కనబడకపోతే దృశ్యమే చెడిపోతుందంటారు. ఆ సంప్రదాయం ఎలా పుట్టిందో చూస్తే గానీ ఈ వాదనలో బలమెంతో తెలియదు.

బాలే పెరిగిన ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ కొలువు, పావడా అంచు కాస్త పైకి కట్టిన 18వ శతాబ్దపు నర్తకి కామార్గో, ఆ కథంతా చాలామందికి తెలిసిందే. అసలు మలుపు 1831 నవంబరు 21 రాత్రి వచ్చింది.

ఆ రాత్రి పారిస్ ఒపేరా నాటకశాలలో సంగీతకర్త మేయర్‌బీర్ గేయనాటకం 'రోబేర్ లె డియాబ్ల్' తొలి ప్రదర్శన. మూడో అంకంలో, పాడుబడిన మఠంలో, చచ్చిపోయిన సన్యాసినులు సమాధుల్లోంచి లేచివచ్చి నాట్యం చేస్తారు. వాళ్ల మఠాధికారిణి పాత్ర ఆడింది మారీ టాల్యోనీ అనే నర్తకి. నాట్యం కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో. ఒపేరా వేదిక మీదికి గ్యాస్ దీపాలు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లయింది. గ్యాస్ వెలుగును ఒక్క తిప్పుతో తగ్గించవచ్చు, పెంచవచ్చు. అంటే వేదిక మీద వెన్నెల కాయించవచ్చు. ఆ మసకలో ముదురు రంగులన్నీ చీకట్లో కలిసిపోతాయి, తెలుపొక్కటే తేలుతుంది. పలచని మస్లిన్ పొరల్లోంచి వెలుగు దూరి, మనిషికి అంచు లేనట్టు కనిపిస్తుంది. దయ్యాన్ని చూపించడానికి అంతకన్నా ఏం కావాలి?

రోబేర్ పాత్ర పాడిన గాయకుడు అడోల్ఫ్ నూర్రీయే ఆ తరవాత 'లా సిల్ఫీడ్' (గాలికన్య) అనే బాలేకు కథ రాశాడు. 1832 మార్చి 12న అది వేదికెక్కింది. బిగుతు రవిక, బయటికి కనిపించే భుజాలు, పిక్కల సగం దాకా గంటలా విచ్చుకున్న తెల్ల పావడా, వీపున చిన్న రెక్కలు. ఈ వేషం గీసింది యూజీన్ లామీ అని చెబుతారు. మనం టుటు అంటున్నది దీన్నే, కాకపోతే ఆ మాట 19వ శతాబ్దం చివరికి గానీ వాడుకలోకి రాలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ బాలేలో తెలుపు గాలికన్యలదే. కథ నడిచేది స్కాట్లండ్ పల్లెలో, అక్కడి మనుషులంతా గళ్ల బట్టల్లో రంగురంగులుగా ఉంటారు. తెలుపు అక్కడ ఒంటిరంగు కాదు, ఈ లోకానిది కాదని చెప్పే గుర్తు.

ఆ రోజుల్లో బాలే అంటే తెలుపే అన్నదీ నిజం కాదు. 1836లో టాల్యోనీకి పోటీగా నిలిచిన ఫానీ ఎల్స్‌లర్ గులాబీ శాటిన్ మీద నల్ల లేసు కట్టి, చేత చిడతలు పట్టుకుని 'కచూచా' అనే స్పెయిన్ నాట్యం ఆడింది. పారిస్ వెర్రెత్తిపోయింది. 'జిజెల్' అనే బాలే కథ రాసినవాళ్లలో ఒకడైన కవి తియోఫీల్ గోత్యే 1844లోనే విసుక్కున్నాడు: సిల్ఫీడ్ వచ్చిన దగ్గరినుంచి గాజ్, టుల్, టార్లటాన్ అనే పలచని తెల్ల బట్టల వాడకం మితిమీరిందని, తెలుపు తప్ప ఇంకో రంగే మిగల్లేదని. ఇప్పుడు సనాతనం అంటున్నది ఆ కాలం మనిషికి శ్రుతి మించిన ఫ్యాషన్.

అదే గోత్యే 1838లో మరో నాట్యం చూసి మురిసిపోయాడు. పుదుచ్చేరి ప్రాంతం నుంచి దేవదాసీలు పారిస్ వచ్చి ఆడారు. వాళ్లలో అమ్మణి అనే నర్తకి గురించి ఆయన తన్మయంగా రాశాడు. అసలైన చామనఛాయ నర్తకిని పారిస్ కళ్లారా చూసింది. కానీ 1877లో రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో నాట్యకర్త పెటిపా భారతదేశపు గుడి నర్తకి కథగా 'లా బయదేర్' కట్టినప్పుడు, ఆమె చనిపోయాక కనిపించే ఆత్మలన్నీ తెల్ల టుటుల్లోనే వరసగా దిగివస్తాయి. అదే బాలేలో పిల్లలకు నల్లరంగు పూసి ఆడించే నాట్యం ఒకటుంది. పారిస్ ఒపేరా ఆ పూత మాన్పించి, దాని పేరు మార్చింది 2015లో.

తెలుపు కోసం ఎంతదాకా పోయారో పారిస్ ఒపేరా నర్తకి ఎమ్మా లివ్రీ బతుకు చెబుతుంది. మస్లిన్ పావడా, పక్కనే మండే గ్యాస్ దీపం. లండన్‌లో 1844లో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి వేదిక మీద నిప్పంటుకుని, ఆ గాయాలతో చనిపోయింది. ఫ్రాన్స్‌లో కార్తెరోన్ అనే ఆయన బట్ట త్వరగా అంటుకోకుండా రసాయనంలో ముంచే పద్ధతి కనిపెట్టాడు, 1859లో దాన్ని తప్పనిసరి చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ముంచిన బట్ట బిరుసెక్కి, మాసినట్టు కనిపించేది. ఇరవై ఏళ్లయినా నిండని లివ్రీ, టాల్యోనీ స్వయంగా తీర్చిదిద్దిన శిష్యురాలు, 1860లో ఒపేరాకు ఉత్తరం రాసింది: తొలి ప్రదర్శనలన్నీ తన మామూలు పావడాలోనే ఆడతానని, ఏం జరిగినా బాధ్యత తనదేనని. 1862 నవంబరు 15న రిహార్సల్‌లో పావడా పొరలు విదిలించుకుంటుండగా దీపపు మంట వాటికి అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం చూసి, 1863 జూలై 26న కన్నుమూసింది. కాలగా మిగిలిన ఆ బట్ట పేలికలు ఒపేరా గ్రంథాలయ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పిల్లది మొండితనం అని రాసినవాళ్లున్నారు. నాకలా అనిపించదు. మాసిన పావడాతో వస్తే తనను సిల్ఫీడ్‌గా ఎవరూ చూడరన్న భయం ఆమెకు ఎక్కడిది? చుట్టూ ఉన్నవాళ్లు పెట్టిందే కదా.

1880ల్లో కరెంటు దీపాలు వచ్చాయి. ఇటలీ నర్తకులు కాలి పనితనం కనబడాలని పావడాను తొడల దాకా కురచ చేశారు. దీపం మారింది, కొలత మారింది, తెలుపు మాత్రం ఉండిపోయింది. మెల్లగా బట్ట మీంచి చర్మం మీదికి పాకింది.

2018లో బెర్లిన్ బాలే సంస్థ స్టాట్స్‌బాలేలో చేరిన క్లోయే లోప్స్ గోమ్స్ అక్కడి తొలి నల్లజాతి నర్తకి. 'స్వాన్ లేక్' కోసం తెల్లగా పూసుకోమన్నారని 2020 చివర్లో బయటపెట్టింది. మరుసటి ఏడాది సంస్థ ఆమె కాంట్రాక్టు పొడిగించి, 16,000 యూరోలు ఇచ్చి రాజీ చేసుకుంది. అదే 2020లో పారిస్ ఒపేరాలో దాదాపు 400 మంది ఉద్యోగులు ఒక పత్రం మీద సంతకాలు పెట్టారు. అడిగినవి పెద్ద కోరికలేం కావు: ముఖాలకు నల్లరంగు పూయడం మానాలి, టైట్స్, షూలు ఎవరి ఒంటిరంగుకు తగినవి వాళ్లకివ్వాలి. దానికి 'స్వాన్ లేక్'నే తీసేస్తారట అన్న ప్రచారం లేచింది. అలాంటిదేమీ లేదని ఒపేరా చెప్పుకోవాల్సి వచ్చింది.

దృశ్యం చెడుతుందన్న వాదనకు జవాబు న్యూయార్క్‌లో ఎప్పుడో దొరికింది. ఆర్థర్ మిచెల్ స్థాపించిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ 1974లోనే గులాబీ మాని, ఒక్కో నర్తకి ఒంటిరంగుకు సరిపడే టైట్స్, షూలు వేయించింది. పదేళ్లకు 'జిజెల్' కథను లూసియానా నల్లజాతి కుటుంబాల మధ్యకు తెచ్చి ఆడింది.

అలాంటి రంగుల షూలు దుకాణంలో దొరికేవి కావు. గులాబీ శాటిన్ షూ ఒళ్లో పెట్టుకుని, తమ ముఖానికి వాడే ఫౌండేషన్‌లోనే స్పాంజి ముంచి, రిబ్బన్లతో సహా అద్ది, ఆరబెట్టి మళ్లీ అద్దాలి. దీన్ని పాన్‌కేకింగ్ అంటారు. కాలి మునివేళ్ల మీద నిలబడి ఆడేందుకు వేసుకునే ఈ పాయింట్ షూ కొన్ని ప్రదర్శనలకే మెత్తబడిపోతుంది, కొత్త జత రాగానే పని మళ్లీ మొదటికే. అమెరికాలో, బ్రిటన్‌లో బాలే నేర్చుకునే మన తెలుగింటి పిల్లల కాళ్లకూ ఆ గులాబీ కలిసే రంగు కాదు. 1929 నుంచి షూలు కుడుతున్న లండన్ సంస్థ ఫ్రీడ్, 'బాలే బ్లాక్' బృందంతో కలిసి గోధుమ, కంచు రంగుల్లో పాయింట్ షూలు అమ్మకానికి పెట్టింది 2018లో.