సూపర్‌మ్యాన్ వేషానికి కండలు చాలవు: అపోహలు – వాస్తవాలు

ఆడిషన్‌కి సిద్ధమయ్యే కుర్రాళ్ళూ, కాస్ట్యూమ్ పోటీలకి వెళ్ళేవాళ్ళూ నటన నేర్పేవాళ్ళని అడిగే ప్రశ్న ఒకటే: "కామిక్‌లో బొమ్మలా అవ్వాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" ఆ ప్రశ్న వెనకున్న అపోహ డబ్బునీ ఆరోగ్యాన్నీ రెండింటినీ తినేస్తోంది. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: ఒళ్ళు బొమ్మలా ఉంటే పాత్రకి న్యాయం జరిగినట్టే.

వాస్తవం: ఏ బొమ్మ? 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో చిత్రకారుడు జో షూస్టర్ గీసిన మనిషి బలిష్ఠుడే కానీ, ఇప్పటి పోస్టర్లలో కనిపించే సిక్స్‌ప్యాక్ ఆయనకి లేదు. 1978 సినిమాకి ఎంపికైనప్పుడు క్రిస్టఫర్ రీవ్ ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, సన్నటి మనిషి. దుస్తుల లోపల మెత్తలు పెడతామంటే ఒప్పుకోలేదు. బాడీబిల్డర్ డేవిడ్ ప్రౌజ్ దగ్గర కసరత్తు చేసి పది కిలోలకు పైగా బరువు పెరిగారు. ఇప్పటికీ జనం ఆయన పేరే చెప్పడానికి కారణం మాత్రం ఆ కిలోలు కాదు.

సూపర్‌మ్యాన్ మామూలు రోజుల్లో క్లార్క్ అనే కళ్ళద్దాల విలేకరి. ఆ సినిమాలో తోటి విలేకరి లోయిస్ ఇంటికి క్లార్క్ వచ్చే సన్నివేశం చూడండి. ఆమె పక్క గదిలోకి వెళుతుంది. తనే సూపర్‌మ్యాన్ అన్న నిజం చెప్పేద్దామని ఆయన కళ్ళద్దాలు తీస్తారు. వంగిన వెన్ను నిటారుగా లేస్తుంది, భుజాలు వెనక్కి వెళతాయి, గొంతు కిందికి దిగుతుంది. మనిషి ఎత్తు పెరిగాడా అనిపిస్తుంది. అంతలో ధైర్యం చాలక మళ్ళీ ముడుచుకుపోయి క్లార్క్ అయిపోతారు. ఇందులో గ్రాఫిక్స్ లేవు, ఉన్నది వెన్నెముకా ఊపిరీ మాత్రమే. పాపిడి కూడా క్లార్క్‌కి ఒక వైపు, సూపర్‌మ్యాన్‌కి ఇంకో వైపు. ఈ ఇద్దరు మనుషుల మధ్య దూరమే పాత్ర. ఆ దూరం చూపించగలిగినవాడే కామిక్‌కి దగ్గరగా ఉన్నట్టు.

సాధన ఇలా చేయండి. మడమలు, పిరుదులు, వీపు పైభాగం గోడకి ఆనించి నిలబడండి. గడ్డం ఎత్తకుండా నడినెత్తి పైకి సాగుతున్నట్టు ఉండండి. ఊపిరి పొట్టలోకి తీసుకుని, రెండు సెకన్లు ఆగి, డైలాగు నెమ్మదిగా చెప్పండి. ఇది సూపర్‌మ్యాన్. ఇప్పుడు గోడ వదిలి మెడ ముందుకి జార్చి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఉంచి, అదే డైలాగు తొందరగా, చివరి మాట తేలిపోయేలా చెప్పండి. ఇది క్లార్క్. రెండూ ఫోన్‌లో తీసి పక్కపక్కన చూసుకోండి.

తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. ఛాతీ ముందుకి పొడిస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి. మనిషి బిగుసుకుపోతాడు, ధీమా కనబడదు. గొంతు నొక్కి బొంగురు చేస్తే తొందరగా గొంతు పోతుంది. లోతు రావాల్సింది ఊపిరి నుంచి. క్లార్క్‌ని జోకర్‌ని చేస్తే, అలాంటివాణ్ణి డెయిలీ ప్లానెట్ పత్రిక ఉద్యోగంలో ఎందుకు ఉంచుకుందో అర్థం కాదు.

ఇక నీళ్ళు మానేయడం. చొక్కా విప్పే సీన్ కోసం నీళ్ళు తగ్గిస్తూ వచ్చి, చివరి రోజు పూర్తిగా మానేశానని 2013 సినిమాలో సూపర్‌మ్యాన్‌గా చేసిన హెన్రీ కావిల్, తన సిరీస్ 'ది విచర్' గురించి మాట్లాడుతూ చెప్పారు. ఆ వీడియో చూసి దయచేసి ఎవరూ అనుకరించకండి. ఒంట్లో సోడియం, పొటాషియం తారుమారైతే గుండె లయ తప్పుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పైగా తెరమీది సూపర్‌హీరోల దుస్తుల్లో చాలావాటికి లోపల ఫోమ్‌తో మలిచిన కండల పొర ఉంటుంది. "నా ఒళ్ళు సరిపోదేమో" అని బెంగపడే పిల్లలు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

అపోహ: కామిక్స్‌లో సూపర్‌మ్యాన్ ఎవర్నీ చంపలేదు, విలన్‌ని చంపించి 2013 సినిమా 'మ్యాన్ ఆఫ్ స్టీల్' పాడుచేసింది.

వాస్తవం: 1988లో జాన్ బర్న్ రాసి గీసిన సంచికలో, తన పుట్టిన గ్రహం క్రిప్టాన్‌కి చెందిన ముగ్గురు నేరస్థుల్ని సూపర్‌మ్యాన్ చంపాడు. ఆ అపరాధభావంతో భూమినే వదిలి వెళ్ళాడు. సినిమాలో ఆ సన్నివేశం నచ్చకపోవచ్చు, అది వేరే చర్చ. కామిక్స్‌లో లేదనడం మాత్రం పచ్చి పుకారు.

అపోహ: క్లార్క్ తడబడకపోతే తప్పు.

వాస్తవం: 1986లో బర్న్ కథ మొదటినుంచి చెప్పినప్పుడు క్లార్క్‌ని బడిలో ఫుట్‌బాల్ ఆడిన, ఆత్మవిశ్వాసం ఉన్న కుర్రాడిగా రాశాడు. ఆ లెక్కన క్లార్కే అసలు మనిషి, సూపర్‌మ్యాన్ వేషం. రీవ్ ఆడింది క్లార్క్‌ని వేషంగా చూసే పాత పద్ధతి. రెండూ కామిక్ పద్ధతులే.

సూపర్‌మ్యాన్ దుస్తులపైన ఎర్ర నిక్కరు ఉండాలా వద్దా అన్న గొడవ కూడా ఇంతే. 2011లో కామిక్స్‌లోనే తీసేశారు, 2018లో మళ్ళీ తెచ్చారు. 2025 సినిమాలో సూపర్‌మ్యాన్‌గా చేసిన డేవిడ్ కొరెన్‌స్వెట్ నిక్కరుతోనే కనిపించారు. ఎగరడమంటారా, 1938 నాటి సూపర్‌మ్యాన్ ఎగరనే లేదు, సుమారు 200 మీటర్లు దూకేవాడంతే.

అపోహ: ఫలానా నటుడి గొంతు సూపర్‌మ్యాన్‌కి నప్పలేదు.

వాస్తవం: తెలుగు డబ్బింగ్‌లో చూసి ఈ తీర్పు చెప్పేవాళ్ళు ఎక్కువ. మీరు విన్నది డబ్బింగ్ కళాకారుడి గొంతు. అసలు కామిక్‌కి గొంతెక్కడిది? క్లార్క్‌కి ఒక గొంతు, సూపర్‌మ్యాన్‌కి ఇంకో గొంతు అనే తేడా 1940లో రేడియో నాటకంతో వచ్చింది. అందులో నటుడు బడ్ కాలియర్ క్లార్క్‌కి పైస్థాయిలో మాట్లాడి, సూపర్‌మ్యాన్ కాగానే వాక్యం మధ్యలోనే కిందికి దిగేవాడు. నటుణ్ణి అంచనా వేయాలంటే ఒకసారి ఇంగ్లీషు ఆడియోతో చూడండి. తర్వాత శబ్దం తీసేసి, కళ్ళద్దాల సన్నివేశంలో ఒక్క భుజాలనే గమనించండి.