బడి పన్ను మీద ఒక వకీలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ పన్ను చూసి, "మనింట్లో ఎవరూ లైబ్రరీకి వెళ్లరు కదా తాతయ్యా, మనమెందుకు కట్టాలి?" అని చిన్నది ఫోన్లో అడిగింది. అలాంటి ప్రశ్న మీదే 1835లో అమెరికాలోని పెన్సిల్వేనియా అట్టుడికిపోయింది. అందరి పన్నుతో ఉచిత బడులు నడపాలని అంతకు ముందు ఏడే అక్కడ చట్టం చేశారు. ఎవరి పిల్లల్ని వాళ్లే చదివించుకోవాలిగానీ మాకెందుకీ భారం అని జనం ఎదురుతిరిగారు. చట్టం తీసెయ్యమని రాష్ట్ర సెనేటు ఓటేసింది కూడా.

అప్పుడు దిగువ సభలో లేచినవాడు థాడియస్ స్టీవెన్స్, గెటిస్‌బర్గ్‌లో వకీలు. పుట్టుకతోనే పాదం వంకర. పెళ్లి చేసుకోలేదు. తండ్రి ఇల్లు వదిలిపోతే తల్లి సారా రెక్కలు ముక్కలు చేసుకుని చదివించింది; చేతిలో డబ్బాడాక ఆమెకు పొలం, పాడి ఆవులు సమకూర్చాడు. నేరాలు చేసినవాళ్లను జైల్లో పోషించడానికి సంతోషంగా పన్ను కడతారు, మనిషి నేరస్తుడు కాకుండా ఆపే బడికి కట్టమంటే గోల చేస్తారేం అని నిలదీశాడు. చట్టం నిలిచింది.

మా ఊరి చెరువూ అంతే. వానలకు ముందు ఇంటికొకరు పూడిక తియ్యడానికి వెళ్లేవాళ్లు. సెంటు భూమి లేని పక్కింటి ముసలాయన కూడా తట్ట మోసేవాడు. చెరువు నిండితే ఆయన పెరటి బావిలో నీళ్లు పైకొస్తాయి మరి. గొడ్లకు నీళ్లు, కోతలకు కూలి అన్నీ దాన్నుంచే. మనకు నేరుగా అందనిదల్లా దండగ అనుకోకూడదు. మేం పిల్లలం మాత్రం పని ఎగ్గొట్టి బురదలో కొర్రమీనులు పట్టి, ఒళ్లంతా ఒండ్రుతో ఇంటికొచ్చి తిట్లు తినేవాళ్లం. తిట్టిన అమ్మే పులుసు పెట్టేది. సరే, చెరువులోంచి బయటికొస్తాను.

స్టీవెన్స్‌ను దేవుణ్ని చెయ్యకండి. 1821లో చారిటీ బట్లర్ అనే బానిస స్త్రీ తనకు స్వేచ్ఛ కావాలని కోర్టుకెక్కితే, ఈయన యజమాని తరఫున వాదించి గెలిచాడు. ఆ తల్లీ పిల్లలూ బానిసలుగానే మిగిలారు. అది నాకిప్పటికీ మింగుడుపడదు. తర్వాత మాత్రం పారిపోయి వచ్చిన బానిసల పక్షాన నిలబడ్డాడు. నల్లవాళ్ల ఓటు తీసేసిన రాష్ట్ర రాజ్యాంగం మీద సంతకం పెట్టనన్నాడు. అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లి బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణకూ, చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చిన 14వ సవరణకూ పట్టుబట్టాడు. మధ్యలో, బానిసత్వం మీద వచ్చిన అంతర్యుద్ధంలో, 1863లో బానిసత్వం ఉండాలన్న దక్షిణాది రాష్ట్రాల సైన్యం ఆయన ఇనుప కార్ఖానాను తగలబెట్టింది.

1868లో పోయాడు. తర్వాత ఆయన స్థిరపడిన లాంకాస్టర్ ఊళ్లో మిగతా శ్మశానాలు నల్లవాళ్లను రానివ్వవని, అందరికీ చోటున్న ఒక చిన్న శ్మశానాన్ని ముందే ఏరుకున్నాడు. ఆ కారణమే సమాధి రాయి మీద చెక్కించాడు. పోయాక కూడా వాదన ఆపని వకీలు!

మీరొక పని చెయ్యండి. మీ ఊళ్లో పాత బడి గోడ మీది శిలాఫలకం చదవండి. స్థలం ఎవరిచ్చారో, గది ఎవరు కట్టించారో పేర్లుంటాయి. వాళ్లలో పిల్లలు లేనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో పెద్దవాళ్లనడిగి నాకు రాయండి. అక్షరాలు అరిగిపోయి ఉంటే సుద్దముక్కతో రుద్ది చూడండి, కనిపిస్తాయి.

మీ తాతయ్య