రైళ్లలో వాక్యూమ్ బ్రేకులు ఎందుకొచ్చాయి, ఎందుకు పోయాయి

ఇప్పుడంటే అన్నీ ఎయిర్ బ్రేకులే (ఒత్తిపెట్టిన గాలితో పనిచేసేవి) గానీ, కొన్ని దశాబ్దాల కింద మన ప్యాసింజర్లు, గూడ్సులు దాదాపు అన్నీ వాక్యూమ్ బ్రేకు (పైపులో గాలి తోడేసి ఖాళీ చేస్తే పనిచేసేది) మీదే నడిచేవి. అప్పట్లో చైన్ లాగితే సుయ్‌మని వచ్చే సౌండు, బయటి గాలి బ్రేకు పైపులోకి దూరే సౌండు.

ఇంజన్ నుంచి గార్డు పెట్టె దాకా ఒకటే పైపు, అందులో గాలిని ఇంజన్ లాగేస్తూ ఉంటుంది. స్టీమ్ ఇంజన్లలో దీనికి ఎజెక్టర్ ఉండేది, ఆవిరి జోరుగా పోతూ పైపులో గాలిని కూడా లాక్కుపోయేది, తర్వాత డీజిల్, కరెంటు ఇంజన్లకి ఎగ్జాస్టర్లు (గాలి తోడే పంపులు) వచ్చాయి. వాక్యూమ్ ఉన్నంతసేపే బ్రేకు వదిలి ఉంటుంది. పైపు ఊడినా, బండి మధ్యలో తెగినా బ్రేకులు వాటంతటవే పడతాయి (ఆకతాయిలు హోస్ పైపు పీకి బండి ఆపేది అందుకే మరి).

మొదట్లో వచ్చిన సింపుల్ వాక్యూమ్ బ్రేకు దీనికి పూర్తి ఉల్టా, గాలి లాగితేనే బ్రేకు పడేది, పైపు తెగితే ఇక దేవుడే దిక్కు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లో ఆర్మా దగ్గర ఈ సింపుల్ బ్రేకే ఉన్న, సండే స్కూలు పిల్లల్ని తీసుకెళ్తున్న బండి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది, ముందు సగం తీసుకెళ్దామని విడదీశారు, వెనక పెట్టెల చక్రాల కింద రాళ్లు పెట్టి హ్యాండ్ బ్రేకు మీద వదిలేశారు, తీరా ముందు సగం కదలబోయి కాస్త వెనక్కి జారి వాటికి తగిలేసరికి అవి కాస్తా కిందికి దొర్లుకుంటూ పోయి వెనక వస్తున్న బండిని గుద్దాయి. సుమారు 80 మంది పోయారు, వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ప్యాసింజర్ బళ్లకి ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి చేసింది. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కనిపెట్టిన ఎయిర్ బ్రేకు అప్పటికే ఉన్నా బ్రిటన్ రైలు కంపెనీలు ఎక్కువగా వాక్యూమ్ వైపే పోయాయి, వాళ్ల వెనకే మన రైల్వే.

చిక్కల్లా ఏంటంటే వాక్యూమ్ తనంతట తాను దేన్నీ లాగలేదు, నెట్టేది బయటి గాలే, దాని ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి సుమారు 1 కిలో, అంతే, ఎంత తిప్పలు పడ్డా దాటదు. పైపులో మామూలుగా ఉంచే 53 సెంటీమీటర్ల వాక్యూమ్ (పాదరసం ఎత్తుతో కొలిచేది) లెక్కేస్తే 0.7 కిలో. ఎయిర్ బ్రేకు సిలిండర్లో (బ్రేకుని నెట్టే పిస్టన్ ఉండే డబ్బా) 3.8 కిలోల దాకా వస్తుంది. వాక్యూమ్ సిలిండర్లు అంత లావుండేది ఇందుకే, కొండల మీద గాలి పల్చనైతే బలం ఇంకా తగ్గేది. పొడుగు గూడ్సుల్లో ముందు వ్యాగన్లకి బ్రేకు పడ్డాక తోక దాకా గాలి చేరడానికి టైం పట్టేది, ఈలోపు వెనకవి వచ్చి ముందువాటిని నెట్టేవి.

1980ల్లో బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్లు ఎయిర్ బ్రేకుతో దిగాయి, ప్యాసింజర్ పెట్టెలు పూర్తిగా మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అలా మారుతున్న ఆ ఏళ్లలో రెండు రకాల బళ్లనీ లాగడానికి డ్యూయల్ బ్రేకు ఇంజన్లు నడిపారు.