బాడీ ఫార్మ్‌లో ఏం లెక్కపెడతారు? అపోహలు - వాస్తవాలు

అపోహ: అది దిక్కులేని శవాలను పడేసే చోటు.

బాడీ ఫార్మ్ అంటే శవాలను ఆరుబయట ఉంచి అవి ఎలా కుళ్లుతాయో గమనించే చోటు. ఎవరైనా పోయి ఎన్నాళ్లయిందో అంచనా వేయడానికే అక్కడి లెక్కలు. అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయం నాక్స్‌విల్‌లో నడిపే అలాంటి ఆవరణకు మొదటి శవం 1981లో వచ్చింది. అక్కడికి చేరేవాటిలో ఎక్కువ భాగం బతికుండగా సొంతంగా సంతకం పెట్టినవారివి, లేదా ఇంటివాళ్లు ఇచ్చినవి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉంటే తీసుకోరు. నంబరు వేసి, ఎత్తూ బరువూ కొలిచి, ఫొటోలు తీశాకే నేల మీద పెడతారు. చివరికి మిగిలిన ఎముకలను కడిగి దాచుకుంటారు.

అపోహ: అనుభవం ఉన్నవాడు శవాన్ని చూడగానే పోయి ఎన్నాళ్లయిందో చెప్పేస్తాడు.

ఈ ఆవరణ పెట్టిన మానవ శాస్త్రవేత్త విలియం బాస్‌నే తీసుకోండి. 1977లో తవ్విపోసిన ఒక సమాధి దగ్గర దొరికిన శవాన్ని చూసి, పోయి ఏడాది లోపేనన్నారు. తీరా చూస్తే అది 1864లో అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన కల్నల్ విలియం షై శవం. కుళ్లకుండా మందు ఎక్కించి పోత ఇనుప పెట్టెలో మూసిపెట్టడంతో కండ ఎర్రగానే ఉంది. తేడా 113 ఏళ్లు!

అపోహ: మూడో రోజుకి ఉబ్బుతుంది, పదో రోజుకి ఎముకలు తేలతాయి.

శవానికి క్యాలెండరు తెలియదు, వేడే తెలుసు. అందుకే రోజులకు బదులు పోగైన డిగ్రీలు లెక్కేస్తాం. రోజు గరిష్ఠం, కనిష్ఠం కూడి సగం చేయాలి. సున్నా కంటే తక్కువ వస్తే సున్నాగానే తీసుకోవాలి. రోజూ వచ్చినదాన్ని కలుపుకుంటూ పోవాలి. మే నెలలో 40, 26 ఉంటే సగటు 33, పది రోజులకు 330. చలికాలంలో 28, 12 ఉంటే అదే పది రోజులకు 200. నాక్స్‌విల్ మట్టి పరీక్షల్లో శవం నుంచి నేలలోకి కొవ్వు ఆమ్లాలు దిగడం దాదాపు 1285 పోగైన డిగ్రీల దగ్గర ఆగిందని 1992లో తేల్చారు. ఆ అంకెను 33తో భాగిస్తే 39 రోజులు, 20తో భాగిస్తే 64 రోజులు. ఇదీ మోటు లెక్కే, ప్లస్సూ మైనస్సూ చాలా ఉంటాయి.

శవం ఏ దశలో ఉందో చెప్పడానికి తల-మెడ, మొండెం, కాళ్లూచేతులకు విడివిడిగా మార్కులు వేస్తాం. మొత్తం 3 నుంచి 35 దాకా వస్తుంది. ఒకరి మార్కులు మరొకరు చూడకుండా ఇద్దరు వేయాలి. ఎండిపోయి తోలులా బిగుసుకున్న చర్మం దగ్గరే ఇద్దరికీ తేడా వస్తుంది.

ఎక్కువ కేసులు చెడేది ఉష్ణోగ్రత దగ్గర. విమానాశ్రయం అంకె తెచ్చి చెట్టు నీడన పడున్న శవానికి అంటగడతారు. శవం దొరికిన చోట వేడిని దానంతటదే నమోదు చేసే టెంపరేచర్ లాగర్ పెట్టి, అయిదు నుంచి పది రోజులు వాతావరణ కేంద్రం అంకెలతో పోల్చి, వచ్చిన తేడాతో పాత రోజులవి సరిచేయాలి.

అపోహ: శవం మీద పెద్ద పురుగు దొరికితే చాలు, దాని వయసును బట్టి పోయి ఎన్నాళ్లయిందో చెప్పొచ్చు.

ఈగలు నిమిషాల్లో వాలి కళ్లు, ముక్కు, నోరు, గాయాల్లో గుడ్లు పెడతాయి. పురుగులు గుంపు కట్టాక వాటి వేడే చుట్టూ ఉన్న గాలి కంటే 10 డిగ్రీలకు పైగా పెరగొచ్చు. గాలి వేడితోనే లెక్కకట్టి, పురుగు వయసు నిజానికంటే ఎక్కువ అనేస్తారు. అందుకే గుంపులో కూడా థర్మామీటరు గుచ్చాలి. మనదేశంలోనూ ఉండే క్రైసోమియా రుఫిఫేసిస్ అనే ఈగ పురుగులు మిగతావాటిని తినేస్తాయి. ముందొచ్చిన సాక్ష్యం వాటి కడుపులోకే పోతుంది. శవం కింది మట్టిలో, చుట్టుపక్కల కొన్ని మీటర్ల దూరం దాకా ప్యూపాల (ఈగగా మారే ముందు పురుగు ఉండే గుల్లల) కోసం వెతకాల్సింది ఇందుకే. ఖాళీ గుల్లలు ఎలక పెంటికల్లా కనిపిస్తాయి, ఊడ్చి పారేస్తారు.

సేకరించినవాటిలో సగం కార్జం ముక్క మీద పెంచి ఈగ ఏ జాతిదో చూడాలి. మిగతా సగాన్ని మరిగించి దించిన నీళ్లలో అర నిమిషం ముంచి, తర్వాత 80 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. బతికినవాటిని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుని నల్లబడతాయి. పొడవు తగ్గి వయసు తప్పుతుంది.

అపోహ: సున్నం పోస్తే శవం కరిగిపోతుంది.

హంతకులకూ ఈ నమ్మకం ఉంది. పందులను పాతిపెట్టి చేసిన ప్రయోగాల్లో సున్నం కుళ్లడాన్ని నెమ్మదింపజేసింది. తడి లాగేస్తుంది, బ్యాక్టీరియాను ఆపుతుంది, పురుగులను రానివ్వదు. దాచాలనుకున్నది కాపాడినట్టవుతుంది.

అపోహ: పందితో చేసిన ప్రయోగం మనిషికీ సరిపోతుంది.

నాక్స్‌విల్‌లో మనుషులు, పందులు, కుందేళ్లను పక్కపక్కనే పెట్టి పోల్చి 2018లో ప్రచురించారు. మూడూ ఒకే తీరున కుళ్లలేదు. మనుషుల్లోనే ఒకరికీ ఇంకొకరికీ చాలా తేడా కనిపించింది.

అపోహ: పోయాక గోళ్లు, వెంట్రుకలు పెరుగుతాయి.

చర్మం ఎండి వెనక్కి పోతుంది, అంతే.

అపోహ: ఒకచోట కనిపెట్టిన సూత్రం ఎక్కడైనా పనిచేస్తుంది.

టెక్సస్‌లోని శాన్ మార్కస్ దగ్గర రాబందులు పడితే శవం కొన్ని గంటల్లో అస్థిపంజరమవుతుంది. అక్కడ శవం మీద పంజరం కప్పకపోతే డిగ్రీల లెక్క ఎందుకూ పనికిరాదు. మన పాఠ్యపుస్తకాల్లోని కాస్పర్ సూత్రం, గాలిలో 1 వారం అంటే నీళ్లలో 2, మట్టిలో 8 వారాలనేది, పరీక్షకు బాగుంటుంది, కోర్టుకు కాదు. మన దగ్గర రాబందులు పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందుతో దాదాపు అంతరించాయి, ఆ పని కుక్కలు చేస్తున్నాయి. కుక్క ముందుగా పొడవు ఎముకల చివరలు కొరుకుతుంది. ఆ గాట్లను కత్తి గాట్లనుకుని రిపోర్టు రాయకముందే ఎముకను లెన్సు కింద పెట్టి పంటి గుంతలున్నాయేమో చూడాలి.