వదిలేసిన పుంజు చేతికొస్తే: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో వదిలేసిన పుంజులకు ఇళ్లు వెతికే పని నాది. కుక్కపిల్ల ఫొటో పెడితే "పేరేంటి?" అని అడుగుతారు. పుంజు ఫొటో పెడితే "ఎన్ని కిలోలుంటుందండీ?" అంటారు. ఇక్కడి మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తరచూ వినిపించే మాటలకు నా జవాబులివి.

అపోహ: రంగుల కోడిపిల్లలు ఎలాగూ వారం కూడా బతకవు.

చాలావరకు చలికే పోతాయి. మొదటి వారం పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, డిసెంబరు రాత్రి ఈ ఊళ్లో అందులో సగమే ఉంటుంది. మన చేతికొచ్చేవి బతికినవే. గుడ్ల జాతుల హేచరీల్లో పుట్టిన రోజే ఆడ, మగ వేరు చేసేస్తారు. మగవి గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా ఎదగవు, కాబట్టి వాటికి ధర లేదు. రంగులో ముంచి బుట్టలో అమ్మేవి ఎక్కువగా అవే. ఆ రంగు రాలిపోయి తెల్ల ఈకలొస్తాయి, నాలుగైదు నెలలకు కూత మొదలవుతుంది. ఆ తర్వాత పక్క ఫ్లాటు వాళ్ల ఫిర్యాదు, అట్టపెట్టె, చెరువు గట్టు.

అపోహ: తెల్లారుజామున ఒకసారి కూస్తుంది, అంతేగా.

రోజంతా కూస్తుంది. పక్క వీధిలో ఇంకో పుంజు కూసినా, అర్ధరాత్రి కారు లైటు పడినా కూస్తుంది. ఎప్పుడూ మసక వెలుతురులోనే ఉంచినా పుంజులు తమ లోపలి గడియారం ప్రకారమే కూశాయని 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. కాబట్టి బాల్కనీకి దుప్పట్లు కట్టి లాభం లేదు. కూత ఆపడానికని మెడకు బిగించే పట్టీల జోలికి అసలు పోకండి, ఊపిరాడక చస్తుంది.

అపోహ: దిష్టి తీసి వదిలిన కోడిని ముట్టుకుంటే ఆ దిష్టి మనకు చుట్టుకుంటుంది.

గుడి దగ్గరో, మూడు దారుల కూడలిలోనో పసుపు కుంకుమలతో దొరికే పుంజుల గురించి ఈ మాట. నమ్మకంతో నేను వాదన పెట్టుకోను. వాచ్‌మన్‌ని పట్టుకోమనడం మాత్రం న్యాయం కాదు, ఆ భయం అతనికీ ఉంటుంది. ముందు కాళ్లు చూడండి. కట్టిన దారం పొలుసుల సందుల్లోకి దిగిపోయి, కింద పాదం ఉబ్బి వేడిగా ఉండటం చాలాసార్లు చూశాను. గోరువెచ్చని నీళ్లతో తడిపి, మొద్దు మొన కత్తెరతో మెల్లగా తెంపాలి. చీకటి పడ్డాక కోడికి సరిగా కనపడదు, పట్టుకోవడానికి అదే మంచి సమయం. మీద తువ్వాలు వేసి రెక్కలు కలిపి పట్టుకోండి, రొమ్ము మాత్రం నొక్కొద్దు. కోడి ఊపిరి తీయాలంటే రొమ్ము ఎముక కదలాల్సిందే, గట్టిగా అదిమితే చేతుల్లోనే పోతుంది.

అపోహ: తెచ్చి మన కోళ్లలో కలిపేస్తే సరి.

నెల రోజులు విడిగా ఉంచాలి. గిన్నెలు వేరు, అటు వెళ్లేటప్పుడు చెప్పులు వేరు. కొక్కెర తెగులు ఒక్క కోడితో వచ్చి గుంపునంతా ఊడ్చేస్తుంది. రెక్కల కింద, తోక కింద పేలు వెతకండి. కాలి పొలుసులు పైకి లేచి సున్నం పూసినట్టుంటే అది పొలుసుల కింద చేరిన పురుగుల పని, పాదం కింద నల్లటి పెచ్చు ఉంటే గట్టి నేల మీద ఉండి వచ్చిన పుండు. హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు.

అపోహ: కోళ్ల దాణా ఏదైనా ఒకటే.

గుడ్ల కోళ్ల దాణాలో పెంకు కోసం కాల్షియం ఎక్కువ కలుపుతారు. పుంజుకు నెలల తరబడి అదే పెడితే కిడ్నీలు పాడవుతాయి. గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్లకు పెట్టేది), జొన్నలు, ఆకుకూర చాలు. మిగిలిన బిర్యానీ వద్దు, ఉప్పెక్కువ.

అపోహ: మీదికొస్తే ఒక్కటి తంతే దారికొస్తుంది.

తన్నడం దాని దృష్టిలో పందేనికి ఒప్పుకున్నట్టే. ఎత్తి చంకలో పెట్టుకుని కాసేపు నడవండి, చాలావాటికి అది చాలు.

అపోహ: ఊరికే ఇస్తానంటే ఎవరైనా తీసుకుంటారు.

తీసుకుంటారు, అదే భయం. కిలోల సంగతి అడిగేవాడి ఉద్దేశం సరే, దాచడం లేదు. "డేగా, కాకా, నెమలా?" అని రంగు అడిగి, వయసు అడిగి, కాళ్ల ఫొటో పంపమనేవాడు అంతకంటే ప్రమాదం. సంక్రాంతి దగ్గరపడే కొద్దీ ఈ ఫోన్లు ఎక్కువవుతాయి. కోడిపందేలు, జంతువులను ఆకలిదప్పులకు వదిలేయడం రెండూ 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరాలే. మొదటిసారికి ఆ చట్టం రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు, పుంజు ఖరీదు ముందు అదెంత! అందుకే నేను చట్టం కంటే ప్రశ్నలనే నమ్ముకున్నాను. రాత్రి ఎక్కడ పడుకుంటుంది? కుక్కలొస్తే ఏం చేస్తారు? పెట్టలెన్ని? ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు, రెండే పెట్టలుంటే వాటి వీపు మీద ఈకలు మిగలవు. ముసలిదైతే కోస్తారా? ఇది సూటిగానే అడుగుతాను. "కోస్తాం" అని నిజం చెప్పే రైతులు కోలారు, చిక్కబళ్లాపురం వైపు చాలామందే ఉన్నారు. వాళ్ల మీద కోపం లేదు, వాళ్లకు ఇవ్వను, అంతే. పెట్టలే లేని పెరడు దొరికితే, కలిసి పెరిగిన రెండు పుంజుల్ని ఇచ్చినా చోటుంటే సర్దుకుంటాయి.

ఒప్పుకున్నవాళ్లకు పుంజుతో పాటు ఒక వారం దాణా కూడా ఇస్తాను, కొత్తది అందులో కొంచెం కొంచెంగా కలుపుకోమంటాను. మొదటి కొన్ని రోజులు గూట్లోనే మూసి ఉంచి, ఆ తర్వాత సాయంత్రం మేత వేళకు ముందు మాత్రమే తలుపు తీయాలి. పొద్దున్నే తీస్తే చీకటి పడేలోపు ఏ మామిడిచెట్టో ఎక్కి కూర్చుంటుంది, మళ్లీ నాకే ఫోన్.