"ఈఎంఐలన్నీ కట్టేశానండీ, నా సిబిల్‌లో ఏముంటుంది?"

హోమ్ లోన్ ఫైళ్లు చూసే పని నాది. ఫైల్ ఆగిపోయిందని చెప్పగానే ఎదురుగా కూర్చున్న మనిషి అనే మొదటి మాట దాదాపు ఎప్పుడూ పైన రాసిందే. అబద్ధం కూడా కాదు, నిజంగానే కట్టి ఉంటారు. కానీ వాళ్ల సిబిల్ రిపోర్ట్, అంటే వాళ్ల అప్పుల చరిత్ర, తెరిచి చూపిస్తే మొహం పాలిపోతుంది. మళ్లీ మళ్లీ చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే ఈసారి రాసేస్తున్నా.

అపోహ: టైముకి కట్టేవాళ్లు రిపోర్ట్ చూసుకోనక్కర్లేదు.

నేను చూసినవాటిలో జనానికి ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. రిపోర్ట్‌లో ఉండేదంతా బ్యాంకులూ, ఫైనాన్స్ కంపెనీలూ మీ గురించి పంపిన డేటా. అది నిజమో కాదో బ్యూరో (ఆ డేటాతో రిపోర్ట్ తయారుచేసే సిబిల్ లాంటి సంస్థ) వచ్చి మిమ్మల్ని అడగదు. పాన్ నంబర్‌లో ఒక అక్షరం తప్పు కొట్టినా, మీ పేరూ పుట్టినతేదీ ఉన్న ఇంకెవరిదో బైక్ లోన్ మీ పేరు కింద చేరినా, మీరు తీర్చేసిన పర్సనల్ లోన్‌ని క్లోజ్ చేసినట్టు వాళ్లు అప్‌డేట్ చేయకపోయినా, మీ తప్పేమీ లేకుండానే మీ ఫైల్ పాడైపోతుంది.

ఆ మధ్య ఒక జంట వచ్చారు, ఇద్దరూ ఉద్యోగస్తులే. ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చి, అగ్రిమెంట్ రాయించుకుని, గడువు దగ్గర పడ్డాక మా దగ్గరికొచ్చారు. భర్త రిపోర్ట్‌లో ఎప్పటిదో ఒక క్రెడిట్ కార్డు "రైటాఫ్" అని ఉంది. ఆయనేమో కార్డు ముక్కలు చేసి పారేశాను, వాడలేదు అంటాడు. ముక్కలు చేస్తే ప్లాస్టిక్ పోతుంది గానీ అకౌంట్ పోదు కదా! యాన్యువల్ ఫీజు పడింది, దానికి లేట్ ఫీజు, దాని మీద వడ్డీ, చివరికి ఆ బ్యాంకు వసూలు కాదనుకుని రైటాఫ్ చేసేసింది. స్టేట్‌మెంట్లన్నీ పాత ఇంటి అడ్రసుకే పోయాయి. బాకీ చూస్తే ఒక నెల కరెంటు బిల్లంత కూడా లేదు. ఆవిడ ఏడవడం ఒక్కటే తక్కువ, ఎందుకంటే గడువు దాటితే అడ్వాన్స్ పోతుంది. ఒక్క ఏడాది ముందు రిపోర్ట్ తీసి చూసుకుని ఉంటే ఒక ఈమెయిల్‌తో, ఒక చిన్న పేమెంట్‌తో మొదలుపెట్టి తీరిగ్గా తేల్చుకోగలిగిన విషయమది.

ఇక్కడ సమయం లెక్క అర్థం చేసుకోండి. తప్పుందని మీరు డిస్ప్యూట్ పెడితే బ్యూరో తనంతట తాను దిద్దలేదు, ఆ డేటా పంపిన బ్యాంకు సరే అనాలి. 30 రోజుల్లో తేల్చాలని రూల్, అందులో బ్యాంకు సరైన డేటా ఇవ్వడానికి 21 రోజులు. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని ఆర్బీఐ 2023 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ తేలకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. బాగానే ఉంది, కానీ అడ్వాన్స్ గడువు పది రోజులే ఉన్నప్పుడు ఆ రోజువారీ వంద ఎవరికి ఆనుతుంది? అందుకే లోన్ ఆలోచన లేనప్పుడే చూడమని చెప్పేది.

చూడటమంటే స్కోర్, అంటే అప్పులు ఎలా కడుతున్నారో దానికి బ్యూరో వేసే మార్కు, చూసి ఫోన్ జేబులో పెట్టుకోవడం కాదు. 780 లాంటి మంచి స్కోర్ ఉన్న రిపోర్ట్‌లో కూడా వాళ్లది కాని అకౌంట్ నేను చూశాను. లోపలికి వెళ్లి అకౌంట్లన్నీ ఒక్కొక్కటిగా చదవండి: ఇది నాదేనా, తీరిపోయినదానికి క్లోజ్డ్ అని ఉందా, బ్యాలెన్స్ సున్నా చూపిస్తోందా, డీపీడీ (గడువు దాటి ఎన్ని రోజులైంది అనే లెక్క) గళ్లలో సున్నాలు కాకుండా ఏమైనా అంకెలున్నాయా. ఆ తర్వాత ఎంక్వైరీలు, అంటే లోన్ కోసం మీ రిపోర్ట్ ఎవరెవరు తీశారో ఆ జాబితా. మీరు అప్లై చేయని కంపెనీ పేరు అక్కడ కనిపిస్తే మీ పాన్‌తో ఎవరో లోన్‌కి ప్రయత్నించి ఉండొచ్చు, ఆ రోజే కంప్లయింట్ పెట్టండి.

అపోహ: సొంతంగా చూసుకుంటే స్కోర్ తగ్గుతుంది.

తగ్గదు. వాట్సాప్‌లో ఈ మాట పుట్టించినవాళ్లెవరో గానీ వాళ్లకో దండం. మీరు లోన్‌కి అప్లై చేసినప్పుడు బ్యాంకు లాగే రిపోర్ట్ వేరు, మీది మీరు చూసుకోవడం వేరు. మొదటిదాని ప్రభావం స్కోర్ మీద కొంత ఉంటుంది, రెండోదానికి అసలుండదు.

అపోహ: రిపోర్ట్‌కి డబ్బులు కట్టాలి.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు బ్యూరోలున్నాయి. ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ప్రతి బ్యూరో ఉచితంగా ఇవ్వాల్సిందే. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా పైసా ఖర్చు లేదు. నేనూ అలాగే చేస్తాను.

షూరిటీ సంతకం గురించి ఒక్క ముక్క. బావమరిది లోన్‌కి గ్యారంటర్‌గా సంతకం పెట్టారా, అది మీ ఫైల్‌లో కూడా ఉంటుంది, ఆయన ఎగ్గొడితే దెబ్బ మీకూ తగులుతుంది. మొహమాటం సంగతి మీరూ మీరూ చూసుకోండి. భార్యాభర్తల ఫైళ్లు మాత్రం వేర్వేరు, జాయింట్ లోన్ అయితేనే ఇద్దరి దాంట్లోనూ వస్తుంది.

సెటిల్‌మెంట్ చేసుకుంటే, అంటే బ్యాంకుతో మాట్లాడుకుని బాకీలో కొంతే కట్టేస్తే, గొడవ వదిలిందనుకునేవాళ్లు కూడా చాలామంది. "సెటిల్డ్" అన్నది "క్లోజ్డ్" కాదు, మొత్తం కట్టలేదనే దాని అర్థం, మా దగ్గర ఫైల్ అక్కడే ఆగుతుంది.

ఇక "వారంలో సిబిల్ క్లీన్ చేస్తాం" అనే ఏజెంట్లు. నిజమైన ఎంట్రీని ఎవరూ తుడవలేరు, తప్పుడు ఎంట్రీని మీరే పైసా లేకుండా సరిచేయించుకోవచ్చు. మరి వాళ్లకి డబ్బులు దేనికో నాకైతే అర్థం కాదు.

ఇప్పటికే రిపోర్ట్‌లో ఏదో తప్పు కనిపించి నిద్రపట్టనివాళ్లు టెన్షన్ పడకండి, చాలావరకు సరవుతాయి. లోన్ క్లోజర్ లెటర్ లేదా నో డ్యూస్ సర్టిఫికెట్ వెతికి పట్టుకోండి, బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ పెట్టండి, అదే రోజు ఆ బ్యాంకుకీ ఈమెయిల్ చేయండి, రెండు కంప్లయింట్ నంబర్లూ దాచుకోండి. అలాగే పాత బ్యాంకుల్లో, పాత కార్డుల్లో మీ ఫోన్ నంబర్ ఏముందో ఒకసారి చూడండి. మీ రిపోర్ట్ ఎవరైనా తీస్తే, మీ పేరున బాకీ ఉందని బ్యాంకు బ్యూరోకి చెబితే మెసేజ్ పంపాలని ఆ 2023లోనే ఆర్బీఐ ఆదేశించింది, కానీ మీరు వదిలేసిన సిమ్‌కి వచ్చే మెసేజ్ మీకెలా అందుతుంది?