రెండు రూపాయలు నడిచిన నేల: హాలీ సిక్కా, కల్దారు, ఆ తర్వాత

క్రిప్టో నాణేల విషయంలో ప్రభుత్వం ఎంత కఠినంగా ఉండాలన్న చర్చ వచ్చినప్పుడల్లా, ఒకే ప్రాంతంలో ఒకటికి మించిన డబ్బు చలామణి అయితే వ్యవహారమంతా గందరగోళమవుతుందన్న వాదన ముందుకు వస్తుంది. వరంగల్, కరీంనగర్ ప్రాంతాలకు ఇది ఊహకు సంబంధించిన ప్రశ్న కాదు. గత శతాబ్ది నడిమి దాకా ఇక్కడి వర్తకులు నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కాతోను, బ్రిటిష్ ఇండియా రూపాయి అయిన కల్దారుతోను లెక్కలు చూసుకున్నారు. శిస్తు హాలీలో కట్టేవారు. పత్తి, తోళ్లు, ఆముదాలు బొంబాయికో మద్రాసుకో వెళ్తే బేరం కల్దారులో తేలేది. ఆ అనుభవంలో నష్టపోయినవారు లేరని చెప్పలేము. అయితే నష్టం రెండు నాణేలు ఉండటం వల్ల వచ్చిందా, వాటి వెనుక ఉన్న అధికారం వల్ల వచ్చిందా అన్నది విడదీసి చూడవలసిన విషయం.

పందొమ్మిదో శతాబ్ది మొదటి సగంలో నిజాం రాజ్యంలో టంకశాలలు చాలా ఉండేవి. హైదరాబాదుతో పాటు గద్వాల, వనపర్తి, నారాయణపేట వంటి చోట్ల కూడా నాణేలు ముద్రించేవారు. బరువులో, వెండి పాలులో తేడాలు ఉండటంతో ప్రతి మార్పిడికీ షావుకారు బట్టా, అంటే మారకపు కోత, తీసుకునేవాడు. దీనిని స్వేచ్ఛా పోటీ అనడం సరికాదు. ముద్రణ హక్కు స్థానిక అధికారానికి ఒక రాబడి మార్గం. నాణెంలో వెండి తగ్గించినకొద్దీ ఆ రాబడి పెరిగేది. బజారులో అమ్మేవాడు చెడ్డ నాణేన్ని తిరస్కరించగలడు, లేదా తూచి తీసుకోగలడు. శిస్తు కట్టే రైతుకు ఆ వీలు లేదు; ఏ సిక్కా చెల్లుతుందో, దానిపై ఎంత కోత పడుతుందో వసూలుదారే నిర్ణయించేవాడు.

1853లో దివాను అయిన మొదటి సాలార్ జంగ్ జిల్లాల టంకశాలలను క్రమంగా మూయించి, ముద్రణను రాజధానికి పరిమితం చేశాడు. 1857 తిరుగుబాటు అణగిన తర్వాత నాణేలపై మొగలు చక్రవర్తి పేరు పోయి ఆసఫ్ జా పేరు వచ్చింది. అదే హాలీ సిక్కా. దాని బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్లు; కల్దారు బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 పాళ్లు. ఈ అంకెలను గుణించి చూస్తే ఏడు హాలీ రూపాయలలోని వెండి, ఆరు కల్దార్లలోని వెండి దాదాపు సమానం, రెండూ 64 గ్రాముల చుట్టూ ఉంటాయి. తర్వాతి కాలంలో స్థిరపడిన అధికారిక మారకం కూడా అదే: వంద కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. ఏ సర్కారు ఉత్తర్వూ లేకపోయినా, త్రాసు చేతిలో ఉన్న వర్తకుడు ఇంచుమించు ఈ లెక్కకే వచ్చి ఉండేవాడు.

ఈ త్రాసుకు విలువ తగ్గించిన ఘట్టం 1893లో వచ్చింది. అంతవరకు బ్రిటిష్ ఇండియాలో ఎవరైనా వెండి తీసుకెళ్లి, ముద్రణ రుసుము చెల్లించి, దానిని రూపాయలుగా మార్చుకోగలిగేవారు. దేశంలో ఎంత డబ్బు ఉండాలో ప్రజలు తెచ్చే వెండే నిర్ణయించేది. 1870ల నుంచి ఐరోపా దేశాలు బంగారం వైపు మళ్లడంతో వెండి ధర పడిపోయింది, ఇంగ్లండుకు పంపవలసిన చెల్లింపులు ప్రభుత్వానికి భారమయ్యాయి. దాంతో టంకశాలలను ప్రైవేటు వెండికి మూసివేశారు. రూపాయి విలువ వెండి ధర నుంచి విడిపోయింది, ఎన్ని రూపాయలు ఉండాలన్న నిర్ణయం సర్కారు చేతికి వెళ్లింది. ఉపఖండపు ద్రవ్య చరిత్రలో రిజర్వు బ్యాంకు స్థాపన కంటే ఇదే పెద్ద మలుపని నా అభిప్రాయం.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువైనప్పుడు హైదరాబాదు ప్రభుత్వం 1918లో సొంత కాగితపు నోట్లు తెచ్చింది. రెండో యుద్ధం నాటికి ఈ ఏర్పాటులోని లోపం బయటపడింది. బ్రిటన్ యుద్ధ కొనుగోళ్లకు బదులుగా లండన్‌లో జమ అయిన స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండు) పత్రాలను ఆధారంగా చూపి రిజర్వు బ్యాంకు నోట్లు ముద్రించింది. 1939 నుంచి 1945 లోపు చలామణిలోని నోట్లు ఆరు రెట్లకు పైగా పెరిగాయి. హాలీ వేరే ప్రభుత్వానిదే అయినా ఈ ద్రవ్యోల్బణం నుంచి తప్పించుకోలేదు. మారకం ఏడుకు ఆరుగా బిగించి ఉంది, హాలీ నోట్ల నిల్వలలో కూడా భారత ప్రభుత్వ పత్రాలే ఉన్నాయి. మారకం స్వేచ్ఛగా కదిలి ఉంటే, విలువ నిలుపుకున్న నాణెం వైపు ప్రజలు మళ్లే అవకాశమైనా ఉండేది. ప్రజలు తమకు నచ్చిన కరెన్సీని ఎంచుకునే హక్కు ఉండాలని 1976లో ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హాయెక్ వాదించినప్పుడు ఆయన ఉద్దేశించినది అలాంటి పోటీని. చెడ్డ డబ్బు మంచి డబ్బును తరిమేస్తుందన్న గ్రెషమ్ సూత్రం చట్టం మారకాన్ని బిగించిన చోటే పనిచేస్తుందని ఆయన ఎత్తిచూపాడు.

మిగిలిన కథ రాజకీయానిది. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరిన కొద్ది కాలానికే నిజాం ప్రభుత్వం తన రాజ్యంలో భారత కరెన్సీ చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. ఢిల్లీతో తలెత్తిన తగాదాలలో అదొకటి. పోలీసు చర్య తర్వాత 1950లో భారత రూపాయి ఇక్కడ చట్టబద్ధంగా చలామణిలోకి వచ్చింది. హాలీ జారీ ఆగిపోయి, 1959 నాటికి పూర్తిగా రద్దయింది. 1941 చట్టంతో ఏర్పడి నిజాం కరెన్సీ బాధ్యతలు చూసిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు అధీనంలోకి వెళ్లింది. ఇంటి పెట్టెల్లో మిగిలిన చార్మినార్ బొమ్మ నాణేలకు వెండి విలువ ఉంది. నోట్లకు మాత్రం, పాత వస్తువులు సేకరించేవారి దగ్గర తప్ప, విలువ లేదు.

1935 ఏప్రిల్ 1న వాటాదార్ల బ్యాంకుగా మొదలై, 1949 జనవరి 1న జాతీయమైన రిజర్వు బ్యాంకుకు, ఒక్క రూపాయి నోటు తప్ప, నోట్ల జారీలో ఏకైక హక్కు ఉంది. ఆ నోట్లపై సర్కారు అధికారం ఎంత దూరం వెళ్తుందో 2016 నవంబరు 8న తెలిసింది: చలామణిలోని డబ్బులో విలువ ప్రకారం 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది, చివరికి అందులో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగి చేరింది. క్రిప్టో వ్యాపారులకు బ్యాంకు సేవలు అందకుండా రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టివేసింది. తర్వాత 2022లో ప్రభుత్వం క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను వేసింది, అదే సంవత్సరం డిసెంబరు 1న సామాన్య వినియోగదారుల కోసం డిజిటల్ రూపాయి ప్రయోగం మొదలైంది. కల్దారు ఉన్న రోజుల్లో వర్తకుడి ముందున్న రెండో నాణెం వేరే ప్రభుత్వం ముద్రించినది. డిజిటల్ రూపాయిని జారీ చేసేది, కాగితపు రూపాయిని జారీ చేసేది ఒకే సంస్థ.